నడిమింటి బల్ల మీద ఇరవై రెండు డిగ్రీలు

భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఇరవై రెండు డిగ్రీలు పక్కకు తిప్పిన మనిషిని నేను. ఏ ప్రభుత్వ సాయమూ లేకుండా, రెండు చేతులతో తిప్పాను. ఒక ఊరు ఊరంతా ఉత్తరం ఎటో తెలియక మూడు రోజులు తికమకపడింది. చివరికి నేనే జాలిపడి దాన్ని మళ్లీ దాని చోట పెట్టేశాను.

ఈ మాటలు తిరుపతిలో ఒక గ్రంథాలయం మేడ మీద, పాతిక మంది చదువుకున్నవాళ్ల ఎదుట అన్నాను. అక్కడ నెలకోసారి పుస్తకాల మనుషులు కలుస్తారు. ఆ నెల నా నవల వంతు వచ్చింది. నేను నలభై ఏళ్లు పుత్తూరులో మోటార్లకు వైండింగ్ చేసినవాణ్ణి. మా ఊరికి రెండు రకాల రోగులు వస్తారు. ఎముకలు విరిగినవాళ్లు కట్టు కట్టించుకోవడానికి బస్సు దిగి అటు పోతే, తీగ కాలిన మోటార్లు ఆటోలో ఇటు నా కొట్టుకు వచ్చేవి. బోరుబావి మోటార్లు, నగరి మరమగ్గాల మోటార్లు, పిండి మిల్లు మోటార్లు. డెబ్భై దాటి చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసి కలం పట్టాను. కలానికి వణుకు అడ్డం కాదు.

నా నవలలో ఒక దుర్మార్గుడైన శాస్త్రవేత్త ఉన్నాడు. నగరి దగ్గర ముక్కులా పొడుచుకొచ్చిన కొండ ఉంది కదా, వాడు ఆ ముక్కు చుట్టూ రాగితీగ చుట్టి, కరెంటు పారించి, భూమి ధ్రువాలను తలకిందులు చేస్తాడు. ఓడలు దారి తప్పుతాయి, వలస పక్షులు సముద్రంలోకి పోతాయి, సూర్యుడి నుంచి వచ్చే కణాలు అడ్డూ ఆపూ లేకుండా నెత్తిన కురుస్తాయి. లోకాన్ని కాపాడేది పుత్తూరు వైండింగ్ మేస్త్రీ ఒకడు. వాడు ఎవరో నేను చెప్పనక్కర్లేదు.

అందరూ బాగుంది, బాగుంది అన్నారు. నేను మెడలో వేసిన తుండు సర్దుకుంటున్నాను. అప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఒకావిడ లేచింది. ఆవిడ చేతిలో ఉన్న నా నవల నిండా పెన్సిలు గీతలే.

"కత బాగుండాది సార్. ఒక్కటే అడగతా. మీ కొండ చుట్టూ ఎన్ని చుట్లు? ఎంత కరెంటు?"

జీవితమంతా చుట్లు లెక్కపెట్టి అన్నం తిన్నవాణ్ణి. ఒక్క చుట్టు తప్పినా మోటారు పొగలు కక్కుతుందని తెలిసినవాణ్ణి. రెండు వందల పేజీల నవలలో మాత్రం ఒక్క అంకె రాయలేదు.

"చానా చుట్లమ్మా" అన్నాను.

"చానా అంటే?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది కాదు సార్, నిజంగా ఎవురైనా భూమి అయస్కాంతాన్ని తిప్పేదానికి వీలుండాదా, లేకపోతే ఊరికే రాసినారా?"

ఊరికే అన్న మాట నాకు గుచ్చుకుంది. అక్కడే నోరు జారింది. "వీలుందా అంటావేందమ్మా, నేనే తిప్పినాను" అని పైన మొదట రాసిన మాటలన్నీ అనేశాను.

అందరూ కుర్చీల్లో నావైపు తిరిగారు. ఆవిడ మాత్రం పెన్సిలు తీసింది. "ఎంత దూరం వరకు తిరిగింది సార్?"

"ఒక ఊరు."

"ఏ ఊరు?"

"నగరి."

ఆవిడ మొహం వికసించింది. "నగరిలోనే మా పిన్నమ్మోళ్లు ఉండేది. అడిగి సూస్తాలే సార్."

పుత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా చెమటలు ఆగలేదు. రేణిగుంట దాటేసరికి ఊరును వీధికి తగ్గించుకున్నాను. పుత్తూరు వచ్చేసరికి వీధిని ఇంటికి తగ్గించాను. దిగి ఇంటికి నడుస్తూ ఇంకొంచెం నిజాయితీ తెచ్చుకుంటే, మొత్తం వ్యవహారం మూడడుగుల బల్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఆ బల్ల మా చెల్లెలి ఇంట్లో, నడిమింట్లో ఉంది. దాని కథే ఇది. ఆ కాలేజీ ఆవిడ తన పిన్నమ్మను అడిగే లోపల నేనే చెప్పేస్తే మర్యాద దక్కుతుంది.

ముందు ఆవిడ ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. మర్నాడు పొద్దున్నే కాఫీ తాగి, పోయిన ఏటి క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, లెక్క వేశాను. కొండను వదిలేద్దాం. భూమధ్యరేఖ చుట్టూ ఒకే ఒక్క చుట్టు తీగ వేశామనుకుందాం. భూమికి ఇప్పుడున్నంత అయస్కాంత బలం ఆ తీగ వల్ల రావాలంటే అందులో అరవై మూడు కోట్ల ఆంపియర్ల దాకా పారాలి. అయిదు హార్స్‌పవర్ బోరు మోటారు ఏడో ఎనిమిదో ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు బోర్లు ఒక్కసారి వేస్తేనే మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు కొట్టేస్తుంది. సరే, చుట్లు పెంచుదాం. వెయ్యి చుట్లు వేస్తే కరెంటు వెయ్యో వంతుకు తగ్గుతుంది, అది వైండింగ్ మేస్త్రీకి తెలిసిన విద్యే. కానీ ఒక్కో చుట్టు నలభై వేల కిలోమీటర్లు. అంత రాగి ఎవడిస్తాడు? ఇక నా నవలలోలాగా భూమధ్యరేఖ మానేసి నగరి ముక్కుకు ముక్కుపుడకలా చుడితే, చుట్టు చిన్నదైన కొద్దీ కరెంటు పెరగాలి. సున్నాలు వేస్తూ పోతే కాగితం అంచు వచ్చేసింది. ఆ తీగ కాలదు, కరగదు. మీట నొక్కిన క్షణంలో ఆవిరైపోతుంది. దుర్మార్గుడు కూడా దాంతోనే పోతాడు. నవల మూడో పేజీలో అయిపోతుంది.

పోనీ మూలానికే పోదామంటే, భూమికి ఆ అయస్కాంతం పుట్టేది సుమారు మూడు వేల కిలోమీటర్ల లోతున, కరిగి తిరుగాడే ఇనుములో. వెయ్యి అడుగులు వేసినా దుమ్ము తప్ప తడి రాని బోర్లు ఉన్న జిల్లా మాది. మూడు వేల కిలోమీటర్ల రిగ్గు ఎవడు తెస్తాడు? తెచ్చినా అంత వేడికి ఏ బిట్టు నిలుస్తుంది? ధ్రువాలు తలకిందులు కావడం నిజంగానే జరుగుతుంది, చల్లారిన లావా రాళ్లలో దాని గుర్తులున్నాయి. అయితే ఆ పని భూమి తనంతట తాను చేసుకుంటుంది, తనకు తోచినప్పుడు, వేల ఏళ్లు తీరిగ్గా. సూర్యుడు పెద్ద తుఫాను విసిరినా మా వైపు దిక్సూచి ముల్లు కంటికి ఆనేంత కదలదు. సూర్యుడి వల్లే కానిది మేస్త్రీ వల్ల ఏమవుతుంది?

లెక్క అయిపోయాక నవలాకారుడిగా ఏడవాలి. కానీ ఏమిటో, వీపు మీది బస్తా దించినట్టు అనిపించింది. ఈ భూమిని ఎవడూ తిప్పలేడు. దుర్మార్గుడూ తిప్పలేడు, మంచివాడూ తిప్పలేడు, నేనూ తిప్పలేను. మా ఇంటావిడ ఉప్మా తెచ్చి "ఏందట్ట నవ్వతా ఉండావు?" అంటే, "లోకానికి గండం తప్పింది" అన్నాను. "మిరక్కాయ ఏరి పక్కన పెట్టుకో" అంది.

మరి ఇరవై రెండు డిగ్రీల సంగతి? అక్కడే ఉంది తమాషా. భూమి అయస్కాంతం పెద్దదే కానీ బలమైనది కాదు. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ వెనకాల ఉండే నల్లబిళ్ల, దాన్ని ఆనుకున్న చోట, భూమికి నూరు రెట్లు బలంగా లాగుతుంది. కాకపోతే ఆ బిళ్ల బలం దూరానికి నిలవదు. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. జానెడు దూరంలో రాజు, గది అవతల ఎవరికీ కానివాడు. అంచేత భూమిని తిప్పడం ఎవరి తరమూ కాదు గానీ, భూమి మాట విని చెప్పే ముల్లును మోసం చేయడం ఎవరికైనా చేతనవుతుంది. నా నవల దుర్మార్గుడికి తెలివుంటే ఆ పనే చేసేవాడు. ముల్లు తిరిగితే చాలు, నమ్మినవాళ్లు మిగతాదంతా వాళ్లే తిప్పుకుంటారు. గోడలు కూడా.

ఇప్పుడు గోడ దగ్గరికి వస్తున్నాను.

మా చెల్లెలిది నగరి. ఇంటి ముందు భాగంలో షెడ్డు, అందులో నాలుగు మరమగ్గాలు. మగ్గాలను నేలలోకి బోల్టులు దించి బిగిస్తారు. ఒకసారి బిగించాక అవి ఆ ఇంటి ఎముకల్లాంటివి. షెడ్డు తూర్పు గోడను ఆనుకుని రెండు మగ్గాలున్నాయి. ఆ గోడకు పునాది గీత గీసింది మా నాయన. కర్ర పాతి, మిట్టమధ్యాహ్నం నీడ చూసి, తాడు లాగి గీశాడు. ఇటుకలు మోసింది మా చెల్లెలు. చెల్లెలి భర్త నాకంటే రెండేళ్లు పెద్దవాడు, నేను బావా అంటాను, ఆయనా నన్ను బావా అంటాడు. మంచి మనిషి. ఎవరు ఏది గట్టిగా చెబితే అది నమ్ముతాడు, అదొక్కటే ఆయన జబ్బు.

నేను నవల ముగించిన ఏడు ఆయన షెడ్డు గుమ్మంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మా ఊరికి తీసుకొచ్చి గుడ్డు సొన పట్టించి వెదురుబద్దల కట్టు కట్టించాను. కట్టు కట్టించుకున్న మనిషికి పని ఉండదు, ఆలోచనలు ఎక్కువవుతాయి. ఇంట్లో ఏదో దోషముందని అనుమానం పట్టుకుని వాస్తు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన నడిమింట్లో బల్ల మీద ఫోను పెట్టి దిక్సూచి చూసి, ఇల్లు దిక్కులకు ఇరవై రెండు డిగ్రీలు పక్కకు పోయిందన్నాడు. తూర్పు గోడ కొట్టి, కొత్త గీత మీద మళ్లీ కట్టాలన్నాడు. అంటే మగ్గాలు పీకాలి, నేల తవ్వాలి, నెలల తరబడి షెడ్డు మూగబోవాలి.

చెల్లెలు శుక్రవారం ఫోను చేసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"అన్నా, సోమారం మేస్త్రీ వస్తాడంట. ఆదివారం సామి వచ్చి సున్నంతో గీత గీసిపోతాడంట. నాయన తాడు లాగిన గోడ అన్నా అది. ఒకసారి మగ్గాలు పీకితే మళ్లీ బిగించేది నమ్మకం లేదు నాకు. నువ్వు ఏదో సైన్సు రాస్తావు కదా, ఆయనకి చెప్పు."

శనివారం పొద్దున మోపెడ్ మీద నగరి పోయాను. బావ నడిమింట్లో బల్ల మీదే కూర్చుని ఉన్నాడు, కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఏదో మగ్గం బాగుచెయ్యాలని చెబుతున్నాడు. నేను వినలేదు. "ఆయన ఫోను యాడ పెట్టినాడు బావా?" అన్నాను.

"ఈడే. నేను కూర్చోనుండేదాని మీదే. నట్టిల్లు కదా."

వంగి బల్ల కిందికి చూసి, చటుక్కున తల ఎత్తేశాను. ఎందుకంటే ఆ బల్ల కింద, గోడ వారగా, గోనెసంచి మూట ఒకటి ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేను.

అందులో ఏముందో చెప్పాలి. నవల రాసే రోజుల్లో, రాసింది నిజమో కాదో చూడాలని మూడు పెద్ద అయస్కాంతాలు సంపాదించాను. పాత లౌడ్ స్పీకర్ల వెనక ఉండే గుండ్రటి నల్లరాళ్లు, అరచేతికంటే వెడల్పు. మా ఇంట్లో అవి గరిటెలను, మా ఇంటావిడ పిన్నీసులను లాక్కుంటుంటే, "ఇవి ఉంటే నేనుండను" అందావిడ. అందుకని గోనెలో చుట్టి చెల్లెలి ఇంట్లో బల్ల కింద తోశాను. అప్పుడే బావ అన్నాడు, "బావా, నీ కొట్టు మూసేసి సామానంతా మా ఇంటికి తెస్తా ఉండావే, ఇది ఇల్లా పాత సామాన్ల గుజిరీ అంగడా?" అని. రెండు వారాల్లో తీసుకుపోతానన్నాను. ఆ రెండు వారాలు జరిగి ఎన్నో నెలలైంది.

బల్ల మీద ఫోను, కింద మూరెడు దూరంలో మూడు అయస్కాంతాలు. ఇంకేం కావాలి? ఆ దూరంలో అవి భూమి మాటను ముల్లుకు సరిగ్గా విననివ్వవు. ఇరవై రెండు డిగ్రీలు నావే. ఇల్లు వంకర పోలేదు, ముల్లును నేను వంకర పోనిచ్చాను. మా నాయన గీసిన గోడను నేను పడగొట్టబోతున్నాను.

అప్పుడే నోరు తెరిచి చెప్పి ఉంటే ఈ పేజీలన్నీ అక్కర్లేదు. చెప్పలేదు. బావ కోపానికి భయపడ్డానని మొదట రాశాను, కొట్టేశాను. నవ్వుకు భయపడ్డాను. సైన్సు కథలు రాసే మొనగాడు తన అయస్కాంతాలు ఎక్కడ పెట్టాడో తనే మరిచిపోయాడని నగరి వీధంతా నవ్వుతుందని. ఆ నవ్వు కంటే గోడ పడటమే నయమని ఒక్క క్షణం అనిపించింది కూడా. సిగ్గుచేటు, కానీ రాస్తున్నాను.

ఆ రోజంతా బావ బల్ల దిగలేదు. అక్కడే తిన్నాడు, అక్కడే కునికాడు, రాత్రి దాని పక్కనే పడుకున్నాడు. చెల్లెలు వచ్చినప్పుడల్లా నా మొహంలోకి చూసి పోయేది. "ఏమైనా తోచిందా?" అని ఒకసారి అడిగింది. "తోస్తా ఉండాది" అన్నాను.

ఆదివారం తెల్లవారాక బావ కట్టు తడవకుండా చెయ్యి పైకెత్తుకుని పెరట్లోకి స్నానానికి పోయాడు. చెల్లెలు షెడ్డులో ఉంది. వంగి మూట లాగాను. బరువుగానే వచ్చింది. తీసుకుపోయి మోపెడ్ క్యారియరు మీద పెట్టాను. క్యారియరు ఇనుముదైనా మూట దానికి అంటుకోలేదు. మూడు పొరల గోనె చుట్టాను కదా, అందుకే అనుకున్నాను. ఏటి వంతెన మీద ఆపి, రెండు చేతులా ఎత్తి, లోతైన చోట చూసి విసిరేశాను. పడ్డ చప్పుడు వినగానే ప్రాణం లేచివచ్చింది.

అట్నుంచి అటే పుత్తూరు పోయి, నా దగ్గరున్న పాత ఇత్తడి దిక్సూచి తీసుకుని మళ్లీ నగరి వచ్చేసరికి వాస్తు ఆయన వచ్చి ఉన్నాడు. మడత నలగని తెల్ల చొక్కా, నెమ్మదైన మాట. దొంగ మనిషి కాదు, తనకు తెలిసింది తను నమ్మేవాడు. ఆయన ఫోనుకు పుస్తకం అట్టలా తెరుచుకునే తోలు కవరు ఉంది, మూస్తే టప్పున దానంతట అదే అతుక్కుంటుంది. దాన్ని బల్ల మీద పెట్టి, సున్నం డబ్బా కలుపుతున్నాడు.

"సామీ, గీత గీసే ముందు ఒక్కసారి నా డబ్బీ కూడా సూడండి" అని ఇత్తడి దిక్సూచిని బల్లకు రెండో కొస మీద పెట్టాను. ముల్లు రెండుసార్లు ఊగి, గోడ వెంబడి తిన్నగా నిలబడింది. మా వైపు ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలు మించదు. నాయన నీడ గీతకు అది అచ్చంగా సరిపోయింది.

ఆయన వంగి చూశాడు. "ఇది పాతకాలం నాటిది పెద్దాయనా. ఫోనులో అయితే ఉపగ్రహం నుంచి వస్తాది."

"ఉపగ్రహం కాదప్పా. ఫోను లోపల కూడా ఇట్టాంటిదే ఒకటి ఉంటాది, కంటికి కనపడనంత చిన్నది. అదీ ఈ భూమినే అడిగి చెప్తాది."

బావకు నచ్చలేదు. "ఏం బావా, ఉపగ్రహం పెద్దదా నీ డబ్బీ పెద్దదా?"

"నువ్వు కట్టు కట్టించుకునేదానికి ఉపగ్రహం కాడికి పోయినావా, పుత్తూరికి వచ్చినావా?"

"అది చెయ్యి, ఇది ఇల్లు!"

"సరే, గొడవెందుకు" అని వాస్తు ఆయన ఫోనుకోసం చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే మా చెల్లెలు మజ్జిగ గ్లాసులతో వచ్చి, బల్ల అంచుకు తగిలి, ఒక గ్లాసు నిండుగా ఫోను మీద పోసింది.

నాకు ఒళ్లు మండింది. యుద్ధం సగంలో ఉంటే ఈమె మజ్జిగేమిటి! బావ కేకలు వేశాడు. "కండ్లు యాడ పెట్టుకోని నడస్తావు?"

"అయ్యో సామీ, పొరపాటైపోయింది, ఇట్టీండి, ఇట్టీండి" అంటూ ఆమె ఫోను లాక్కుని, తడిసిన కవరు ఊడదీసి పక్కన ఎండలో ఆరేసి, ఫోనును పైటకొంగుతో శుభ్రంగా తుడిచి ఆయన చేతికిచ్చింది. "ఇప్పుడు సూడండి సామీ. నిదానంగా సూడండి."

దిక్సూచి సరిచేసుకోవడానికి తనను తిప్పమని ఫోను అడిగింది. ఆయన దాన్ని పట్టుకుని గాల్లో ఎనిమిది అంకె మూడుసార్లు రాశాడు. తర్వాత బల్ల మీద పెట్టాడు. అందరం తలలు ఆనించి చూశాం. అంకె కాసేపు అటూ ఇటూ పరిగెత్తి, గోడకు ఒక్క డిగ్రీ తేడాలో ఆగింది.

ఆయన ఫోను ఎత్తి మళ్లీ పెట్టాడు. ఒకటే డిగ్రీ. జరిపి పెట్టాడు. ఒకటే. మూడోసారి పెట్టి, ఫోను జేబులో వేసుకుని, సున్నం డబ్బాకు మూత పెట్టాడు.

"మొన్న భూమి లోపల ఏదో కదలిక ఉన్నట్టుండాది" అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు సర్దుకునింది. ఇల్లు దిక్కుకే ఉండాది. గోడ ముట్టుకోబాకండి."

నా నవల మొత్తంలో అంతకంటే మంచి వాక్యం లేదు. అసూయపడ్డాను.

బావ మొహం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన పోయి తూర్పు గోడకు వీపు ఆనించి, మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చున్నాడు. "బతికినాం రా సామీ" అన్నాడు. ఆయనకూ గోడ కొట్టడం ఇష్టం లేదని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. వాస్తు ఆయన ఇంకో గ్లాసు మజ్జిగ తాగి, ఫోనుకు ఆరిన కవరు తొడిగి, అందరికీ మంచి జరగాలని చెప్పి పోయాడు. బావ ఎడమ చేత్తోనే ఫోను తీసి మేస్త్రీని సోమవారం రావద్దన్నాడు. చెల్లెలు షెడ్డులోకి పోయి మీటలు వేసింది. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి డబడబమని అందుకున్నాయి. ఒక మగ్గం మాత్రం ఆగే ఉంది, దాని సామాన్లు ఏవో కనబడటం లేదట. మిగతా మూడింటి చప్పుడుకే నడిమింటి బల్ల సన్నగా అదిరింది. ఆ అదురు నా మోచేతుల్లోకి పాకుతుంటే, ఇంత హాయిగా నేను ఏ వైండింగ్ పూర్తి చేసినప్పుడూ కూర్చోలేదు.

కాబట్టి కాలేజీ అమ్మా, ఇదీ జరిగింది. ఊరు కాదు, వీధి కాదు, మూడడుగుల బల్ల. భూమిని తిప్పలేదు, ముల్లును తిప్పాను. తిప్పింది కూడా తెలిసి కాదు, మతిమరుపుతో. అయినా ఇరవై రెండు డిగ్రీలు మాత్రం నావే, అందులో అబద్ధం లేదు.

ఇక్కడిదాకా రాసి, పంపే ముందు చెల్లెలికి వినిపించడం న్యాయమనుకుని నగరి పోయాను. ఆమె గోడ నీడలో కూర్చుని కండెలకు నూలు చుట్టుకుంటోంది. నేను చదువుతున్నంతసేపూ తల ఎత్తలేదు. అయస్కాంతాల ముక్క గబగబా చదివేశాను. ఇన్నాళ్లూ దాచినందుకు క్షమించమని అడగబోయాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"అన్నా, ఆ పొద్దు నీ అయస్కాంతాలు మా ఇంట్లోనే లేవు. కత్తెర పెడితే కత్తెర, సూది పెడితే సూది లాక్కుంటా ఉంటే, నేనే ఎప్పుడో పాత సామాన్లాయనకి ఇచ్చేసినా."

"మరి గోనె మూట?"

"మగ్గం పళ్లచక్రాలు. మీ బావ నూనె పూసి ఆ బల్ల కిందనే కట్టి పెట్టినాడు. ఎవురో దొంగ ఎత్తకపోయినాడని ఈ పొద్దుకి కూడా వీదంతా తిడతా ఉండాడు. గోనెపట్ట అయస్కాంతాన్ని ఆపుతాదా అన్నా? నలభై ఏండ్లు వైండింగ్ చేసినావే!"

"మరి ఇరవై రెండు డిగ్రీలు?"

"ఆ సామి ఫోను కవర్లో ఉండాది అయస్కాంతం, టప్పున మూసుకునేదానికి. మొదటి దినమే నా సూది ఎగిరిపొయ్యి దానికి అతుక్కునింది, సూసినా. నోటితో చెప్తే ఆయనకి కోపం వస్తాది, మీ బావ ఇంకొక సామిని పిలుచుకొస్తాడు. ఆయన చేత్తో ఆయనే కొలిచి, ఆయన నోటితో ఆయనే సరి అనాల. అందుకే మజ్జిగ పోసినా." నూలు తెంపి కండెను బుట్టలో వేసింది. "నువ్వు భూమినీ తిప్పలా, ముల్లునీ తిప్పలా. లేచి పొయ్యి ఏట్లో చక్రాలు ఏరుకోని రా పో. లోతంట లోతు, ఆడ చీలమండ తడిసేదానికి కూడా నీళ్లు లేవు."